నేరం ఫ్రీజర్ మీద మోపారు, వరండాలో ఉన్నదాన్ని అడిగారా?

ప్రశ్న: రెండు నెలల క్రితం 200 లీటర్ల డీప్ ఫ్రీజర్ కొన్నాం. అప్పట్నుంచి మీటరు రీడింగు నెలకు 110, 120 యూనిట్లు ఎక్కువ వస్తోంది. ఫ్రీజర్ వెనక ప్లేటు మీద 150 వాట్లు అని ఉంది. మావారు కాగితం తీసుకుని 150 ఇంటూ 24 ఇంటూ 30 వేసి, 108 యూనిట్లు, దొంగ దొరికింది అన్నారు. ఇక అప్పట్నుంచి ఎవరు దాని తలుపు తీసినా ఒక మాట పడుతోంది. రాత్రి పడుకునేముందు ఆపేసి పొద్దున్నే వేద్దామని ఆయన, అసలు అమ్మేద్దామని మా అత్తయ్య. ఫ్రీజర్ నిజంగా ఇంత కరెంటు తాగుతుందా? రాత్రిళ్లు ఆపితే కలిసొస్తుందా? ఇంట్లో మిగతా సామాన్లు ఏవి ఎంత లాగుతాయో కూడా కాస్త చెప్పండి. అన్నట్టు, ఫ్రీజర్‌తో పాటే వంటింట్లోకి కొత్త ఫ్రిజ్ కూడా తీసుకున్నాం. 18 ఏళ్ల నాటి పాతది పారేయడానికి మనసొప్పక వరండాలో పెట్టి, మంచినీళ్ల సీసాలకు వాడుతున్నాం.
– ఒక పాఠకురాలు

సమాధానం: అమ్మా, మీ ఉత్తరంలో అసలు విషయం ‘అన్నట్టు’ తర్వాత ఉంది. దాని దగ్గరికి తర్వాత వస్తాను. ముందు మీవారి లెక్క చూద్దాం, ఎందుకంటే ఆ లెక్క దాదాపు అందరూ వేసేదే. నేనూ ఒకప్పుడు అలాగే వేసి ఇంట్లో అనవసరంగా టెన్షన్ పెట్టాను.

గుణకారంలో తప్పు లేదు. 1000 వాట్ల సామాను గంటసేపు నడిస్తే ఒక యూనిట్. 150 వాట్లు రోజంతా నడిస్తే 3.6 యూనిట్లు, నెలకు 108. తప్పు ‘రోజంతా నడిస్తే’ అన్న దగ్గర వచ్చింది. ఫ్రీజర్ ప్లగ్ రోజంతా ఆన్‌లో ఉంటుంది గానీ దాని కంప్రెసర్, అంటే లోపల చల్లబరిచే మోటారు, రోజంతా నడవదు. ఒక్కసారి రాత్రి పూట ఇల్లు సద్దుమణిగాక దాని పక్కన కుర్చీ వేసుకుని కూర్చోండి. కాసేపు గుర్ర్‌మంటుంది, టక్‌మని ఆగుతుంది, మళ్లీ కాసేపటికి మొదలవుతుంది. బాగున్న ఫ్రీజర్ మామూలు వాతావరణంలో సుమారుగా మూడో వంతు నుంచి సగం సేపు మాత్రమే నడుస్తుంది. మిగతా టైమంతా ఊరికే ఉంటుంది.

రెండో సంగతి, ప్లేటు మీది అంకె. అది వైరింగు, ప్లగ్గు తట్టుకోవాలని చెప్పే గరిష్ఠ అంకె. లోపల చల్లబడిపోయి స్థిరంగా నడుస్తున్నప్పుడు ఆ సైజు కంప్రెసర్ 90, 100 వాట్ల దగ్గరే ఉండొచ్చు. 95 వాట్లు, రోజులో 40 శాతం టైము అనుకోండి. 0.9 యూనిట్ వస్తుంది. నెలకు 27. ఈమధ్య కాలంలో తయారైన, పైకి తెరిచే మూత ఉన్న 200 లీటర్ల ఫ్రీజర్లు ఏడాదికి సుమారు 200 నుంచి 300 యూనిట్లు తీసుకుంటాయి. వేడి చోట పెడితే ఇంకొంచెం ఎక్కువ. అంటే మీవారు వేసిన 108లో నాలుగో వంతు దానిదైతే గొప్ప.

ఇంత తక్కువేమిటి, లోపల మైనస్ 18 డిగ్రీలు ఉంది కదా అనిపిస్తుంది. ఫ్రీజర్ రోజూ చల్లదనాన్ని కొత్తగా తయారుచేస్తుందని మనం అనుకుంటాం. నిజానికి అది చేసేది చిల్లు పడవలో నీళ్లు తోడిపోసే పని. గోడల్లోంచి, మూత అంచుల్లోంచి మెల్లగా లోపలికి వచ్చిన వేడిని తోడి బయట పోస్తుంది. ఎంత వేడి కారితే అంతే తోడాలి. గోడలో ఫోమ్ మందంగా ఉండి, మూత రబ్బరు గట్టిగా పట్టి ఉంటే కారేది తక్కువ. తోడే మోటారుకు ఇంకో సుగుణం ఉంది. అది ఒక వంతు కరెంటు ఖర్చుపెట్టి, అంతకంటే ఎక్కువ వేడిని బయటికి మోస్తుంది. ఇంటి ఫ్రీజర్లలో అది సుమారు ఒకటిన్నర రెట్లు ఉంటుందనుకోవచ్చు.

ఈ లెక్కతో ఇంకో అనుమానం కూడా తీర్చుకోవచ్చు. 10 లీటర్ల నీళ్లు 25 డిగ్రీల దగ్గర లోపల పెట్టి, మైనస్ 18 దాకా గడ్డ కట్టించారనుకోండి. సున్నా దాకా చల్లార్చడానికి కొంత, గడ్డ కట్టడానికి అన్నిటికంటే ఎక్కువ, ఆ మంచును ఇంకా చల్లబరచడానికి మరికొంత, మొత్తం సుమారు 1.3 యూనిట్ల వేడిని బయటికి లాగాలి. మోటారు సుగుణం కలుపుకుంటే ఖర్చయ్యే కరెంటు ఒక యూనిట్ లోపే. వారానికోసారి మీరు ఫ్రీజర్ నింపినా నెలకు నాలుగు యూనిట్లు దాటదు. నింపినందుకు బిల్లు పేలిపోదు.

ఇక తలుపు తీసినందుకు పడే మాటల గురించి. ఇది నాకు చాలా ఇష్టమైన లెక్క, ఎందుకంటే ప్రతి ఇంట్లో పిల్లలు దీని మీద తిట్లు తింటారు. 200 లీటర్ల గాలి బరువు పావు కిలో. తలుపు తీయగానే లోపలి గాలి మొత్తం పోయి, బయటి వేడి గాలి, అందులోని తేమతో సహా వచ్చి కూర్చుందనుకుందాం. దాన్ని మళ్లీ చల్లబరచి, తేమను మంచు చేయడానికి యూనిట్‌లో రెండొందలో వంతు కరెంటు కూడా పట్టకపోవచ్చు. రోజుకు 20 సార్లు తీస్తే పదో వంతు యూనిట్. పైగా మీది మూత పైకి తెరిచే రకమైతే చల్లగాలి బరువుగా ఉండి అడుగునే కూర్చుంటుంది, బయటికి పొర్లిపోదు. కాబట్టి పిల్లల్ని వదిలేయండి. వాళ్లు తలుపు తీయడం తప్పు కాదు. సరిగ్గా వేయకుండా, అంచులో కవరు ఇరికించి వెళ్లిపోవడం మాత్రం తప్పే. ఆ సన్న సందులోంచి రాత్రంతా తేమ లోపలికి వెళ్లి మంచు పేరుతుంది, కంప్రెసర్ ఆగకుండా కొట్టుకుంటుంది.

రాత్రిళ్లు ఆపేయడం సంగతి. ఎనిమిది గంటలు ఆపితే ఎనిమిది గంటల కరెంటు మిగులుతుందనేది కంటికి కనిపించే లెక్క. కానీ వేడి కారడం ఆగదు కదా. పొద్దున్న వేయగానే రాత్రి తోడని నీళ్లన్నీ కలిపి తోడాలి. లోపల కొంచెం వెచ్చబడినందువల్ల కారే వేడి కాస్త తగ్గుతుంది, మిగిలేది అంతే, మహా అయితే నాలుగైదు శాతం. నెలకు ఒక యూనిట్ అనుకోండి. దానికీ ఒక ఎదురుదెబ్బ ఉంది. రాత్రి చల్లగా ఉంటుంది, కంప్రెసర్‌కు పని తేలిక. మీరు ఆ తేలిక టైములో కూర్చోబెట్టి, ఎండ ఎక్కాక పని చేయిస్తున్నారు. ఆ ఒక్క యూనిట్ కూడా అక్కడే పోతుంది. రోజూ పైపైన కరిగి మళ్లీ గడ్డ కట్టే ఆహారం పాడవడం వేరే. ఆపకండి. మీవారికి ఈ పేరా చూపించండి.

కరెంటు దానంతటదే పోయినప్పుడు మాత్రం కంగారు వద్దు. నిండుగా ఉన్న ఫ్రీజర్ తలుపు తీయకుండా ఉంచితే 48 గంటల దాకా గడ్డగానే ఉంచుతుంది, సగం నిండినది 24 గంటలు. మామూలు ఫ్రిజ్ అయితే చల్లదనం నాలుగు గంటలే నిలుస్తుంది. ‘నిండుగా ఉంటే కరెంటు తక్కువ తాగుతుంది’ అనే మాట ఇక్కడి నుంచే పుట్టి ఉంటుంది. నిండుగా ఉంటే చల్లదనం నిలుస్తుంది గానీ, రోజువారీ ఖర్చులో పెద్ద తేడా రాదు. ఖాళీ నింపడానికి నీళ్ల సీసాలు పెట్టక్కర్లేదు.

మరి ఫ్రీజర్‌లో నిజంగా తేడా తెచ్చేవి ఏవి? మొదటిది అది నిలబడిన చోటు. బయట 25 డిగ్రీలు, లోపల మైనస్ 18 అంటే తేడా 43. అదే 35 డిగ్రీల గదిలో తేడా 53. కారే వేడే దాదాపు పావు వంతు పెరుగుతుంది. పైగా వేడి గాలిలోకి వేడిని తోయడం మోటారుకు కష్టం, అదింకొంచెం. మొత్తమ్మీద మూడో వంతు దాకా ఎక్కువ తాగొచ్చు. కాబట్టి ఎండ పడే గోడ, స్టవ్ పక్క, గాలాడని మూల దానికి పనికిరావు. వెనకా పక్కలా గోడకు తగలకుండా బెత్తెడు జాగా వదలండి. చెయ్యి పెట్టి చూడండి, కొన్ని ఫ్రీజర్లకు పక్క గోడలే వెచ్చగా ఉంటాయి. అది రిపేరు కాదు, వేడిని అక్కడి నుంచి వదిలేలా చేసిన తయారీ. ఆ గోడకు బస్తాలు, అట్టపెట్టెలు ఆనించకూడదు.

రెండోది నాబ్. చాలామంది చివరికంటా తిప్పేస్తారు, ‘గట్టిగా చల్లబడాలి’ అని. మైనస్ 18 చాలు. అంతర్జాతీయంగా ఆహారం నిల్వకు పాటించే అంకె అది. మైనస్ 24కు తీసుకెళితే 30 డిగ్రీల గదిలో కారే వేడి ఎనిమిదో వంతు పెరుగుతుంది, ఆహారానికి అదనంగా ఒరిగేదేమీ ఉండదు. ఒక చిన్న థర్మామీటరు లోపల పడేసి చూడండి, నాబ్ మీది 1, 2, 3 డిగ్రీలు కావు.

మూడోది మంచు. లోపలి గోడల మీద వేలెడు మందం పేరితే అది దుప్పటి కప్పినట్టే. గోడ చల్లదనం లోపలికి రాదు, కంప్రెసర్ ఇంకా సేపు నడవాలి. అర అంగుళం కాకముందే స్విచ్ ఆపి, మూత తెరిచి, గిన్నెతో వేడినీళ్లు లోపల పెట్టి కరగనివ్వండి. ఇక్కడ నా అనుభవం ఒకటి. తొందరపడి కత్తి తీసుకుని గీకాను. కస్స్‌మని చిన్న చప్పుడు. అంతే, గ్యాస్ మొత్తం పోయింది, ఫ్రీజర్ కూడా. ఆ పలుచటి గోడ వెనకే గ్యాస్ గొట్టాలు ఉంటాయి. ఇప్పుడొచ్చే చాలా ఫ్రిజ్‌లలో, ఫ్రీజర్లలో ఉండేది ఐసోబ్యూటేన్, అంటుకునే గ్యాస్. కొద్దిగానే ఉంటుంది గానీ మూసిన గదిలో కత్తి గుచ్చి వదిలించుకోవాల్సిన వస్తువు కాదు. చెక్క గరిటె, ఓపిక, రెండూ చాలు.

తలుపు రబ్బరుకు పరీక్ష మీకు తెలిసే ఉంటుంది. కాగితం పెట్టి తలుపు వేసి లాగాలి. జారిపోతూ వస్తే అక్కడ రబ్బరు పట్టడం లేదు.

ఇప్పుడు వరండాలోకి వెళ్దాం.

మీ ఇంట్లో అంతకుముందు ఒక్కటే చల్లబరిచే మెషీన్. ఇప్పుడు మూడు. అందరూ ఫ్రీజర్‌నే చూస్తున్నారు, ఎందుకంటే అది కొత్తది, పెద్దది, ‘డీప్’ అని పేరు కూడా ఉంది. పాతది ఇంటి మనిషిలా కలిసిపోయింది, దాన్ని ఎవరూ అనుమానించరు. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడని ఊరికే అన్నారా? 18 ఏళ్ల ఫ్రిజ్ అంటే రబ్బరు గట్టిపడి ఉంటుంది, వెనక కాయిల్‌కు దుమ్ము పట్టి ఉంటుంది, గోడలోని ఫోమ్ మొదటి రోజుల్లో ఉన్నట్టు ఉండదు. ఇన్నాళ్లూ వంటింటి నీడలో ఉన్నదాన్ని ఎండ తగిలే వరండాలోకి నెట్టారు. అది ఫ్రాస్ట్ ఫ్రీ రకమైతే మంచు కరిగించడానికి లోపల ఒక హీటరు కూడా ఉంటుంది. అంటే చల్లబరిచే పెట్టెలోనే అప్పుడప్పుడు వేడి పుట్టించి, మళ్లీ దాన్నీ తోడుతుంది.

నా అంచనా చెబుతాను, ఇది అంచనాయే సుమా. వరండాలో ఆ పాతది రోజుకు రెండున్నర యూనిట్లు తీసుకుంటూ ఉండొచ్చు, నెలకు 75. వంటింట్లో ఉన్నప్పుడు 55 దగ్గర ఉండి ఉంటుంది, కాబట్టి పెరిగింది 20. కొత్త ఫ్రిజ్ నెలకు 25. ఫ్రీజర్ 27. మొత్తం 72. మీరు చెప్పిన పెరుగుదలలో ఇంకా 40 అటూ ఇటూగా మిగిలింది. ఈ రెండు నెలల్లో ఎండలు ముదిరాయా? ఫ్యాన్లు పగలు కూడా తిరుగుతున్నాయా? అయితే మిగిలినది అక్కడుంది. పాత తరహా సీలింగ్ ఫ్యాన్ 75 వాట్లు. మూడు ఫ్యాన్లు రోజూ ఇంతకుముందు కంటే ఏడు గంటలు ఎక్కువ తిరిగితే నెలకు 47 యూనిట్లు. ఫ్రీజర్ తలుపు దగ్గర కాపలా కాసేవాళ్లు ఎవరూ లేని గదిలో తిరిగే ఫ్యాన్‌ని చూడరు, అదే నా బాధ.

పాత ఫ్రిజ్‌ల మీద నాకెందుకింత కక్ష అనుకుంటారేమో. ఒక ఉదాహరణ చూడండి. అమెరికాలో 1970ల తొలి రోజుల్లో అమ్మిన కొత్త ఫ్రిజ్ సగటున ఏడాదికి 1800 యూనిట్ల దాకా తీసుకునేది. అప్పట్లో కరెంటు చవక, గోడలు పలుచన చేస్తే లోపల జాగా ఎక్కువ వస్తుంది, మోటారు నాసిరకమైనా అడిగేవాడు లేడు. ఆర్థర్ రోసెన్‌ఫెల్డ్ అనే భౌతిక శాస్త్రవేత్త, ప్రఖ్యాత భౌతిక శాస్త్రవేత్త ఎన్రికో ఫెర్మి శిష్యుడు, పరమాణువు కంటే చిన్న కణాల పరిశోధన పక్కన పెట్టి ఇళ్లలో వృథా అయ్యే కరెంటు వెంట పడ్డాడు. కాలిఫోర్నియాలో మొదలై తర్వాత దేశమంతటా ప్రమాణాలు వచ్చాయి. 2001 నాటి ప్రమాణం వచ్చేసరికి సగటు కొత్త ఫ్రిజ్ ఏడాదికి 500 యూనిట్ల దగ్గరికి దిగింది. చిత్రమేమిటంటే ఈ మధ్యలో ఫ్రిజ్ సైజు పెరిగింది! కొత్త సూత్రమేదీ కనిపెట్టలేదు, గోడలో మంచి ఫోమ్, మంచి రబ్బరు, మంచి మోటారు, అంతే. కాబట్టి ‘పాతకాలపు సరుకు గట్టిది’ అనే మాట తలుపు పిడికి వర్తిస్తుందేమో గానీ, కరెంటుకు వర్తించదు.

నా అంచనాను నమ్మొద్దు, కొలవండి. ప్లగ్‌కూ సామానుకూ మధ్య పెట్టే చిన్న వాట్ మీటర్లు దొరుకుతాయి. ఒక్కో సామానుకు రెండు మూడు రోజులు వదిలేస్తే యూనిట్లు అదే కూడి చూపిస్తుంది. అది లేకపోయినా మీ ఇంటి మీటరు చాలు. ఎలక్ట్రానిక్ మీటరు మీద మిణుక్కుమనే ఎర్ర లైటు ఉంటుంది. దాని దగ్గర 1600 అనో 3200 అనో ఒక అంకె ఉంటుంది, ఒక యూనిట్‌కు అన్నిసార్లు మిణుకుతుందని అర్థం. ఇంట్లో అన్నీ ఆపేసి, కొలవాల్సిన ఒక్క సామానే ఉంచండి. కంప్రెసర్ నడుస్తున్నప్పుడు 11 మిణుకులు చూసి, మధ్యలో పట్టిన సెకన్లను పదితో భాగించండి, మిణుకు మిణుకుకూ మధ్య టైము వస్తుంది. 3200 మీటరైతే 1125ని ఆ సెకన్లతో భాగిస్తే వాట్లు. 1600 అయితే 2250ని. 12 సెకన్లకోసారి మిణికిందనుకోండి, 94 వాట్లు. తర్వాత రెండు గంటలు గడియారం చూస్తూ కంప్రెసర్ ఎంతసేపు నడిచింది, ఎంతసేపు ఆగింది రాసుకోండి. 14 నిమిషాలు నడిచి 20 నిమిషాలు ఆగితే 41 శాతం. ఇక గుణకారం మీవారికి వదిలేయండి, ఆయనకు ఇష్టమైన పని.

కంప్రెసర్ అసలు ఆగడమే లేదంటే రెండు కారణాలు ఉంటాయి. కొత్తగా చాలా సరుకు నింపి ఉంటే అది సహజం, ఒకరోజు చూడండి. లేదంటే గ్యాస్ తగ్గడమో, థర్మోస్టాట్ పోవడమో. ఒక మినహాయింపు, ఇన్వర్టర్ కంప్రెసర్ ఉన్నవి ఆగకుండా నెమ్మదిగా నడుస్తూనే ఉంటాయి, అది వాటి తీరు. వేగం మారుతూ ఉంటుంది కాబట్టి వాటిని మిణుకులతో కొలవడం కుదరదు, వాట్ మీటరే పెట్టాలి. అన్నట్టు ఈ ఇన్వర్టర్‌కూ కరెంటు పోతే పనికొచ్చే బ్యాటరీ ఇన్వర్టర్‌కూ ఏ సంబంధమూ లేదు, నన్ను చాలామంది అడిగారు.

మిగతా సామాన్ల గురించి అడిగారు. వాటిని గుర్తుపెట్టుకోవడానికి ఒక దారి ఉంది. ఒక యూనిట్ కరెంటులో ఎంత బలం ఉందో తెలుసా? నష్టాలేవీ లేకపోతే ఒక టన్ను బరువును 367 మీటర్ల పైకి ఎత్తగలదు. ఈఫిల్ టవర్ ఎత్తు 330 మీటర్లే. అదే యూనిట్‌తో నీళ్లు కాచండి. 15 లీటర్ల బకెట్లు రెండు, 30 డిగ్రీలు వెచ్చబెట్టేసరికి అయిపోతుంది. వేడి పుట్టించడం అంత ఖరీదైన పని. కాబట్టి నీళ్లు కాచేది, గది వెచ్చబెట్టేది, గది చల్లబరిచేది, బట్టలు ఆరబెట్టేది, ఇవే ఇంట్లో పెద్ద తిండిపోతులు. వెలుగు, బొమ్మ, మాట, వీటికి పట్టేది తక్కువ.

గీజర్ 2000 వాట్లు, పావు గంటకు అర యూనిట్. నలుగురు స్నానాలు చేస్తే రెండు యూనిట్లు, మీ ఫ్రీజర్‌కు రెండు రోజుల తిండి. ఏసీ అయితే చెప్పక్కర్లేదు. ఒకటిన్నర టన్నుల ఏసీ గట్టిగా నడిచేటప్పుడు సుమారు 1500 వాట్లు. రాత్రంతా వేస్తే ఆరు నుంచి పది యూనిట్లు అవుతుంది, ఏసీ రకాన్ని బట్టి, మీరు పెట్టిన డిగ్రీని బట్టి. ఈ టన్ను అనే కొలత కూడా మన కథలోదే. ఒక టన్ను మంచు 24 గంటల్లో కరిగితే ఎంత చల్లదనం ఇస్తుందో అంత అని. ఏసీలు రాకముందు మంచు దిమ్మలతో చల్లబరిచిన రోజుల జ్ఞాపకం.

వాషింగ్ మెషీన్ చల్లని నీళ్లతో ఉతికితే పదో వంతు, ఐదో వంతు యూనిట్. వేడినీళ్ల సెట్టింగు నొక్కితే ఒక్కసారిగా యూనిట్ దగ్గరికి వెళుతుంది, తేడా అంతా హీటరుదే. మిక్సీ 750 వాట్లు అని భయపెడుతుంది గానీ ఐదు నిమిషాలకు యూనిట్‌లో పదహారో వంతు, చప్పుడుకు తగ్గ ఖర్చు లేదు. మైక్రోవేవ్ ఐదు నిమిషాలకు పదో వంతు. ఇస్త్రీపెట్టె 1000 వాట్లు, మధ్యమధ్య దానంతటదే ఆగుతుంది, ఒక్కో జత తీసి ఒక్కోసారి వేడి చేసేకంటే వారానివి కలిపి చేసుకోవడం మేలు. పెద్ద టీవీ 100 వాట్లు, పది గంటలు చూస్తే ఒక యూనిట్. ఎల్‌ఈడీ బల్బు 9 వాట్లు, దాని గురించి మాట్లాడటం దండగ. ఫోన్ ఛార్జింగు ఏడాది పొడుగునా రోజూ పెట్టినా పది యూనిట్లు కాదు. ఛార్జర్ ప్లగ్‌లో వదిలేశారని కొట్లాడుకునే ఇళ్లున్నాయి, పాపం.

చాప కింద నీరులా పోయేది ఇంకొకటుంది. ఆపేశామనుకుని ఆపనివి. దీనికి చిన్న సూత్రం, ఒక వాట్ ఏడాదంతా ఆగకుండా పోతే 8.76 యూనిట్లు. పాత రకం సెట్‌టాప్ బాక్స్ రిమోట్‌తో ఆపినా 10 వాట్లు లాగుతూ ఉంటే ఏడాదికి 88 యూనిట్లు, మీ ఫ్రీజర్ ఖర్చులో పావు వంతుకు పైనే, ఎవరికీ ఏమీ చూపించకుండానే. వైఫై రౌటర్ 8 వాట్లనుకుంటే 70. ఈ సంగతి మొదట గట్టిగా పట్టుకున్నవాళ్లలో అలన్ మైయర్ అనే పరిశోధకుడు ఒకరు. 1999లో అంతర్జాతీయ ఇంధన సంస్థ ఏ సామాను కూడా ఊరికే ఉన్నప్పుడు ఒక వాట్ దాటకూడదని ప్రతిపాదించింది. యూరప్‌లో 2010 నుంచి అది చట్టమైంది, 2013లో చాలావాటికి అర వాట్‌కు దించారు. అందువల్ల కొత్త టీవీని గోడ దగ్గర ఆపకపోయినా కొంప మునగదు. పాత ఆంప్లిఫయర్లు, పాత సెట్‌టాప్ బాక్సులు, బరువుగా వెచ్చగా ఉండే పాత ఛార్జర్ డబ్బాలు మాత్రం గోడ దగ్గరే ఆపండి. చేత్తో పట్టుకుంటే వెచ్చగా ఉందంటే కరెంటు పోతోందన్నమాట.

ఇక మీరు చేయాల్సింది. ఫ్రీజర్ ఉంచుకోండి, లోపలి థర్మామీటరు మైనస్ 18 చూపేలా నాబ్ తిప్పండి. ఇంట్లో కాస్త చల్లటి మూల దొరికితే అక్కడికి జరపండి. వరండాలోని పాతదాన్ని ఒక వారం ఆపేసి, మీటరు రీడింగు ముందు వారంతో పోల్చండి. ఆపేటప్పుడు ఖాళీ చేసి, తుడిచి, తలుపు కొంచెం తెరిచి ఉంచండి, లేకపోతే బూజు వాసన పడుతుంది. చిన్నపిల్లలుంటే తలుపు పూర్తిగా మూసుకుపోకుండా అడ్డం కట్టండి, పాత ఫ్రిజ్‌లో దాక్కుని ఊపిరాడక పోయిన పిల్లల సంగతులు చాలా ఉన్నాయి. వారానికి 15 యూనిట్లకు పైన తేడా వస్తే ఇక దానికి సెలవు చెప్పేయండి. పనిచేస్తోంది కదా అని ఎవరికో ఉచితంగా ఇవ్వకండి, ఆ బిల్లు వాళ్లకు అంటగట్టినట్టవుతుంది. లోపలి గ్యాస్‌ను పద్ధతిగా తీసి సామాను విడదీసేవాళ్లకే ఇవ్వండి. గొట్టం కోసి గ్యాస్ గాల్లోకి వదిలేసేవాళ్లకు వద్దు.

మీ అత్తయ్యగారికి నీళ్ల సీసాల బెంగ ఉంటుంది. కొత్త ఫ్రిజ్ తలుపు అరలో నాలుగు పడతాయి, అడుగున పడుకోబెడితే ఇంకో మూడు. చల్లబడటానికి రెండు గంటలు ముందు పెట్టుకుంటే చాలు.